బోరు అరిగిన అంబాసిడర్

అంబాసిడర్ నీలి పొగ వదిలిందంటే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టే. 1970ల్లో దాన్ని అమ్మేస్తే డబ్బు వచ్చేది, కారు మాత్రం వచ్చేది కాదు. ఎన్ని కార్లు తయారుచేయాలో ప్రభుత్వ లైసెన్సులే నిర్ణయించే ఆ కాలంలో కొత్త బండి బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే.

అందుకే బాగుచేయించడమే దారి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెకానిక్కులు 1489 సీసీ ఇంజన్‌ను పూర్తిగా విప్పి, సిలిండర్లు రీబోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసేవారు. క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్‌కు వెళ్లేది. బోరు మరీ అరిగితే కొత్త స్లీవులు దించేవారు. పోత ఇనుప బ్లాకు కాబట్టి ఈ కోతలన్నీ తట్టుకునేది. కొందరైతే పెట్రోల్ ఇంజన్ తీయించి డీజిల్‌ది బిగించుకున్నారు. ఇంత నేర్పుకు మన పారిశ్రామిక చరిత్రలో పెద్ద చోటే దక్కాలి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1990ల్లో కార్ల కంపెనీలూ, కారు రుణాలూ పెరిగాయి. కొత్త కారు తేలిగ్గా దొరకడంతో, రిపేరు ఖర్చును పాత బండి ధరతో పోల్చి చూడటం అప్పుడే మామూలైంది.