పికప్ ట్రక్కు వేరియంట్లు

పికప్ ట్రక్కు అనగా ముందు డ్రైవరు క్యాబిన్, వెనుక పైకప్పు లేని తొట్టి కలిగిన తేలికపాటి సరుకు రవాణా వాహనం. తెలంగాణ పల్లెలలో దీనిని "ట్రాలీ" అని, ఇంతకంటే పెద్దదానిని "డీసీఎం" అని వ్యవహరిస్తారు. ఈ రెండవ పేరు 1980లలో మొదలైన డీసీఎం టయోటా సంస్థ వాహనాల నుండి వచ్చింది. సంస్థ పోయినా పేరు నిలిచింది. ఒకే మోడల్‌ను భార సామర్థ్యం, తొట్టి పొడవు, క్యాబిన్ సౌకర్యాలను బట్టి వేర్వేరు ధరలకు అమ్మే రూపాలను వేరియంట్లు అంటారు.

2005లో వచ్చిన టాటా ఏస్ 702 సీసీ డీజిల్ ఇంజనుతో సుమారు ముప్పావు టన్ను మోసేది. దానికి పై తరగతికి చెందినది మహీంద్రా బొలెరో పికప్. 2023 ఏప్రిల్‌లో విడుదలైన బొలెరో మ్యాక్స్ పికప్ శ్రేణిలో 1.3 టన్నుల నుండి 2 టన్నుల వరకు మోసే రకాలు ఉన్నాయి. విడుదల నాటి ప్రారంభ ధర 7.85 లక్షల రూపాయలు (ఎక్స్ షోరూం).

సరుకును బట్టి ఎంపిక

2016లో పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కూడా ఉన్నాయి. ఈ మూడింటి అవసరాలు ఒక్కటి కావు. మహబూబాబాద్ ప్రాంతపు రైతులు ఎండుమిర్చిని వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు తీసుకువెళ్తారు. మిర్చి బస్తా తేలిక, కాని చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. బరువు పరిమితి రాకముందే తొట్టి నిండిపోతుంది. కనుక అక్కడ అదనపు సొమ్మును తొట్టి పొడవుకు వెచ్చించుట మేలు. జనగామలో వడ్లు, సిమెంటు తోలేవారికి బరువే ముఖ్యం. 50 కిలోల సిమెంటు బస్తాలు 1.3 టన్నుల బండిలో 26, 1.7 టన్నుల బండిలో 34 పడతాయి. ట్రిప్పుకు ఈ ఎనిమిది బస్తాల కిరాయే రెండు వేరియంట్ల ధరల తేడాను తీర్చాలి. భూపాలపల్లి వంటి బొగ్గుగనుల ప్రాంతంలో పనివారిని, పనిముట్లను కలిపి తీసుకువెళ్ళే గుత్తేదారులకు రెండు వరుసల సీట్లు గల బొలెరో క్యాంపర్ అనుకూలం. అయితే ఆ మేరకు తొట్టి కురచ అవుతుంది.

ధరలో కనిపించని అంశాలు

తొట్టి లేకుండా అమ్మే "క్యాబ్ చాసిస్" ధర తక్కువ. అయితే బయట బాడీ కట్టించే ఖర్చు కలపాలి. అంతకంటే ముఖ్యంగా, బండి మొత్తం బరువు పరిమితి మారదు కనుక బరువైన ఇనుప బాడీ కట్టించిన కొద్దీ మోయదగిన సరుకు తగ్గుతుంది. చాలామంది కొనుగోలుదారులు ఈ లెక్క వేయరు.

3.5 టన్నులు మించిన మొత్తం బరువు గల కొత్త లారీలకు 2025లో క్యాబిన్ ఏసీ తప్పనిసరి అయింది. అంతకు లోపు పికప్‌లకు ఈ నిబంధన లేదు. కనుక వీటిలో ఏసీ వేరియంటును బట్టే లభిస్తుంది. రోజంతా నడిపే డ్రైవరుకు మే నెల ఎండలో ఇది విలాసం కాదు. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కనుక పాత ధరల పట్టికలతో పోల్చరాదు.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ కూడా పికప్‌లే. అయితే వీటిని ప్రధానంగా సొంత ప్రయాణాలకు కొంటారు. వీటి వేరియంట్లలో తేడా గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్, అలంకరణలకు సంబంధించినది. కిరాయి లెక్క వీటికి వర్తించదు.