ఎత్తులు ఎవరి సొత్తు?



రాయగడ, కోరాపుట్ జిల్లాల బడిపిల్లల కోసం చదరంగం మీద ఒక చిన్న పుస్తకం ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలని నాకు కోరిక. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ప్రారంభపు ఎత్తులు దింపుకుంటుంటే మా విద్యార్థి ఒకడు చూశాడు. "మాస్టారూ, ఇలా రాసుకుంటే దొంగతనం కాదా?" అన్నాడు. నా కలం ఆగిపోయింది.

చరిత్ర చూద్దాం. 1561లో రుయ్ లోపెజ్ అనే స్పెయిన్ మతాచార్యుడు చదరంగంపై గ్రంథం అచ్చువేయించాడు. రాజు ముందరి బంటు, తర్వాత గుర్రం, మూడో ఎత్తులో శకటు. ఈ ప్రారంభానికి నేటికీ ఆయన పేరే. పేరు ఆయనది, ఎత్తులు మాత్రం అందరివీ. 1966లో బెల్‌గ్రేడ్‌లో చెస్ ఇన్‌ఫార్మెంట్ వెలువడింది. ప్రారంభాలన్నిటినీ 5 అక్షరాల కింద, అక్షరానికి 100 చొప్పున, 500 గుర్తులుగా విభజించిన ఘనత ఆ సంస్థదే. 1980లలో హాంబర్గ్‌లోని చెస్‌బేస్ ఆటలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

మరి వీటికి హక్కుదారు ఎవరు? మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పట్టికలు, సంకలనాలు, కంప్యూటర్ డేటాబేసులు కూడా సాహిత్య రచనలే. అయితే 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. కోర్టు తీర్పుల పాఠం ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. సంపాదకుడు తన తెలివితో చేర్చినదానికి మాత్రమే రక్షణ. ఊరికే శ్రమపడితే చాలదు, కొంతైనా సృజన ఉండాలి.

ఈ కొలతతో చూస్తే, ఆడిన ఎత్తు జరిగిన సంగతి. దానికి యజమాని లేడు. 2016లో న్యూయార్క్‌లో కార్ల్‌సన్, కర్యాకిన్ ప్రపంచ పోటీ జరిగినప్పుడు, ఎత్తులను ఇతరులు వెంటవెంటనే ప్రకటించకుండా ఆపాలని నిర్వాహకులు కోర్టుకెక్కారు. కోర్టు ఒప్పుకోలేదు. ఐరోపాలో మాత్రం 1996 నుంచి, డేటాబేసు కూర్చడానికి పెట్టిన పెట్టుబడికి కూడా 15 ఏళ్ల రక్షణ ఉంది. మన చట్టంలో అలాంటి హక్కు లేదు.

ఎత్తు ఎందుకు మంచిదో వివరించిన వ్యాఖ్య, ఏరికూర్చిన తీరు రచయితవి. సొంత చదువు కోసం రాసుకోవడానికి చట్టంలోని 52వ సెక్షన్ వీలిచ్చింది. అనువదించి అచ్చువేయాలంటే మాత్రం అనుమతి కావాలి.

నాగావళి నీరు అందరిదీ. కడవతో మోసుకొచ్చినవారి కష్టం వారిది. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమె ఆడిన ఎత్తులు మా కొండల పిల్లవాడు నిర్భయంగా నేర్చుకోవచ్చు. నా పుస్తకంలో ఎత్తులు పాతవే ఉంటాయి, వివరణ మాత్రం నేనే రాస్తాను. మా విద్యార్థికి ఆ మాటే చెప్పాను.