ధాన్యకటకంలో అసుర గుహ

హ్యూన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చాడు. నేటి అమరావతి, ధరణికోటల చోట వెలసిన నగరమది. విహారాలు అనేకం ఉన్నా చాలావరకు పాడుపడ్డాయనీ, సుమారు 20 మాత్రమే నిలిచాయనీ రాశాడు. ఆ పక్కనే ఒక అద్భుతగాథ చెప్పాడు. భావవివేకుడనే దార్శనికుడు రాబోయే మైత్రేయ బుద్ధుణ్ణి చూడగోరి, మూడేళ్లు మంత్రం జపించి, మంత్రించిన ఆవాలు కొండరాతిపై కొట్టాడట. అసుర భవనం తెరుచుకుంది. పాముల నెలవని జనం జడిశారు. ఆరుగురే వెంట వెళ్లారు. రాయి మూసుకుంది.

దీన్ని కట్టుకథ అని తోసిపుచ్చడం తేలిక. నా ఉద్దేశంలో ఇది ఒక ఓటమి చరిత్ర. విహారాలను నిలుపుకోలేని సమాజం తన పండితుణ్ణి రాతిలో దాచుకుని రేపటి బుద్ధుడికోసం ఎదురుచూసింది.

యాత్రికుడు మాత్రం గుహ దగ్గర ఆగలేదు. మిగిలిన భిక్షువుల వద్ద చదువుకున్నాడు. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ నగరం చేరాడు. 16వ శతాబ్దపు చైనా నవల 'పశ్చిమ యాత్ర' అతణ్ణే నాయకుణ్ణి చేసి, వానరవీరుణ్ణి తోడిచ్చింది. అందులో స్త్రీరాజ్యపు రాణి అతణ్ణి వలచి, రాజ్యమే ఇస్తానంటుంది. అయినా అతను గ్రంథాలకోసం ముందుకే సాగుతాడు.

రెండూ అద్భుతాలే. కనుక అద్భుతరసాన్ని అభివృద్ధి నిరోధకమని ఒక్కమాటలో కొట్టివేసే విమర్శ చాలదు. ఆ కల్పన మనిషిని ఎటు నడిపిస్తోందో మనం అడగాలి.