40 లీటర్ల మనుషులు (నీళ్ల చరిత్ర – 6)

పోయిన భాగంలో మహద్ చవదార్ చెరువు గురించి రాశాను. 1927లో బాబాసాహెబ్ అక్కడ దోసిలితో నీళ్లు తాగిన సంగతి అందరికీ తెలుసు. ఆ చెరువు మున్సిపాలిటీదని, దాన్ని అందరికీ తెరుస్తామని ఆ మున్సిపాలిటీయే 1924లో తీర్మానం చేసిందని మాత్రం తక్కువమంది చెబుతారు. కాగితం మీద హక్కు ఉంది. చెరువు మెట్లు దిగనివ్వలేదు.

ఇక మన నూజివీడుకు వద్దాం. అప్పుడిది మద్రాసు ప్రెసిడెన్సీ. అదే 1924లో మద్రాసు శాసనమండలిలో ఆర్. వీరియన్ తెచ్చిన తీర్మానంతో, ప్రభుత్వ బాటలూ బావులూ చెరువులూ మనవి కూడా అని సర్కారు ఒప్పుకుంది. 1938లో ఎం.సి. రాజా పట్టుబట్టి చట్టమే చేయించాడు. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో బావులనూ చెరువులనూ పేరుపెట్టి మరీ రాసింది.

బాగానే ఉంది. అయితే హక్కు బావి మీదికి వచ్చేసరికి పట్టణాల్లో నీళ్లు పైపులోకి వెళ్లిపోయాయి!

నూజివీడు మెట్ట. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయితే కాలువలు పల్లానికి, డెల్టాకి పారాయి. ఎత్తున ఉన్న ఈ నేలకు ఎక్కలేదు. చిన్నరసాల పేరు దేశమంతా తెలిసిన ఊరికి తాగునీరు ఎప్పుడూ లెక్క చూసుకోవాల్సిన సరుకే. ఆ లెక్క ఎవరు వేశారు, ఎలా వేశారు?

పట్టణాల నీటి పథకాలకు ఇంజనీర్లు 2024 దాకా చూసిన కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ఒకటుంది. 1999 నాటి ఆ పుస్తకం ప్రకారం మురుగు పైపులున్న పట్టణంలో ఇంటి కుళాయికి మనిషికి రోజుకు 135 లీటర్లు. మురుగు పైపులు లేకపోతే 70. వీధి కుళాయి మీద బతికే మనిషికి 40. అంటే మూడు బిందెలు కూడా నిండవు. వంట, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. ఆ పుస్తకంలో కులం మాట ఎక్కడా లేదు. ఉండనక్కర్లేదు కూడా, వీధి కుళాయి దగ్గర ఎవరి బిందెలు వరసలో ఉంటాయో మనకు తెలుసు. ఆ వరసలో నిలబడేది మన ఆడవాళ్లే.

2015 అమృత్ పథకం ప్రధానంగా లక్ష జనాభా దాటిన నగరాలకే. నూజివీడు లాంటి ఊళ్లు బయటే ఉండిపోయాయి. 2021లో రెండో అమృత్ అన్ని పట్టణాలకూ, ఇంటింటికీ కుళాయి అంది. కాబట్టి తగాదా ఇప్పుడు బావి గట్టు మీద కాదు, పథకం నివేదికలో. సమాచార హక్కు కింద ఆ నివేదిక అడగండి. పైపు మన పేటలోకి వస్తుందా, మొదట్లోనే ఆగిపోతుందా? మనల్ని 135 కింద రాశారా, 40 కింద రాశారా?