రెండు పద్దులైన రోజు

మన మాండవి కుర్రాళ్లూ బిట్‌కాయిన్ మాట ఎత్తుతున్నారు కదా, దాని చిన్ననాటి ముచ్చట ఒకటి చెప్పుకుందాం.

2009లో మొదలైన ఆ నాణేనికి బ్యాంకు లేదు. నోడ్లనే కంప్యూటర్లన్నీ ఒకే పద్దు రాసుకుంటాయి. 2010 ఆగస్టు 15న, మనం జెండా ఎగరేసుకున్న రోజునే, 74,638వ బ్లాకులో 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టుకొచ్చాయి. మొత్తం ఉండాల్సినవి 2 కోట్ల 10 లక్షలే! రెండు భారీ మొత్తాలు కూడితే లెక్క పొంగి మైనస్‌లోకి పోయింది, తనిఖీకి దొరకలేదు.

కొన్ని గంటల్లోనే సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చింది. అసలు చిక్కు అప్పుడే. దాన్ని ఎక్కించుకున్నవాళ్లది ఒక పద్దు, ఎక్కించుకోనివాళ్లది ఇంకొకటి. 1956లో మన కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ నుంచి నాందేడ్‌కు మారింది. కాగితాలు ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోవడమంటే ఏమిటో మన పెద్దలకు చెప్పక్కర్లేదు.

74,691వ బ్లాకు నాటికి మంచి గొలుసు పొడవులో దాటిపోయింది, పాత నోడ్లూ దానివెంటే వచ్చాయి. తప్పుడు గొలుసులోని యాభై పైచిలుకు బ్లాకులు చెల్లకుండా పోయాయి. ఈ పద్దును ఎవరూ మార్చలేరంటారు గానీ, ఆ రోజు మనుషులే పూనుకుని మార్చారు.