అనంత నుంచి బదిలీ కోరని దంపతులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగితే, మొదట నా ముప్పైయారేళ్ళ సర్వీసు గురించే వ్రాద్దామని కూర్చున్నాను. నాలుగు పేజీలయ్యాక చదువుకుంటే అందులో సగం బదిలీల గోడే. ఎనిమిది చోట్లకు మార్చారు. ప్రతిసారీ ఒక ఆర్డరు, సామాను వేసుకోవడానికి ఒక లారీ, పిల్లల టీసీలు. ఈ కథ మీలో ఎవరికి తెలియదు గనుక? ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. ఒకసారి ఈ జిల్లాకు వచ్చి, నలభై ఏళ్ళపాటు కదలకుండా ఉండిపోయిన ఒక జంట గురించి వ్రాయడం మేలనిపించింది. వారి గురించి వ్రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

మన సీమకు తెల్ల పాదరీలు రావడం కొత్త సంగతి కాదు. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కుంపిణీకి అప్పగించాడు. పదేళ్ళకే, అంటే 1810లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్ళారి చేరాడు. 1822లో కడపలో వారి కేంద్రం మొదలైంది. అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిదే, 1882లో గానీ విడి జిల్లా కాలేదు. ఆ పాదరీల వెంట వారి భార్యలూ వచ్చేవారు. జనం వారిని దొరసానులనేవారు. ఆడపిల్లల బడులు చాలా చోట్ల ఆ దొరసానులే నడిపారు. కానీ రికార్డుల్లో భర్త పేరు ఉంటుంది, భార్య పేరు ఉండదు. ఫలానా దొరగారి భార్య అని మాత్రం ఉంటుంది.

ధాత కరువు మన తాతలు చెప్పగా విన్నదే. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు పాదరీ జాన్ క్లౌ, ఆయన భార్య హారియట్ ఉండేవారు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇచ్చాడు. కరువు ఉన్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా నిలిపివేశాడు. కూటి కోసం మతం మారేవారు వద్దని ఆయన ఉద్దేశం. కరువు తీరాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ నిగ్రహాన్ని మెచ్చుకునేవారున్నారు, ఆ సంఖ్య చూసి అనుమానించేవారూ ఉన్నారు. అన్నం పెట్టే పాదరీ మీద మన సమాజానికున్న అనుమానం అంత పాతది. నాకూ ఉండేది. ఆ మాటకు మళ్ళీ వస్తాను.

ఇక మన జిల్లా జంట. విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టారు. కుర్రవాడిగా అక్కడి అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన సైనికుడు. ఎబ్రో నది దగ్గర జరిగిన ఘోర యుద్ధాన్ని చూశారు, ఫ్రాన్సులో శరణార్థుల శిబిరంలో గడిపారు. తర్వాత 1944లో జెస్యూట్ సభలో చేరి, 1952లో బొంబాయికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో ఆయన చేసిన పనిలో ప్రవచనం తక్కువ, బావులు ఎక్కువ. రైతు తన పొలంలో తానే బావి తవ్వుకుంటే గోధుమలు, నూనె ఇచ్చేవారు. ఇది మనకు తెలిసిన పనికి ఆహారం పథకం లాంటిదే, కాకపోతే దానికన్నా చాలా ముందుది. రైతులు ఆయన వెంట నడవడం అక్కడి పెద్దలకు నచ్చలేదు. మతం మారుస్తున్నాడన్న ఆరోపణ కూడా వచ్చింది. 1968లో దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు వెలువడింది. దానికి నిరసనగా దాదాపు ముప్పై వేలమంది మన్మాడ్ నుంచి బొంబాయికి, సుమారు 250 కిలోమీటర్లు, నడిచారు. చివరికి ఇందిరాగాంధీ కల్పించుకుని, ఆయన కొద్దికాలం విదేశానికి వెళ్ళి తిరిగి రావచ్చునని దారి చూపారు.

తిరిగి వస్తే ఎక్కడికి? మహారాష్ట్రకు కాదు. ఏ రాష్ట్రమూ ముందుకు రాని ఆ పరిస్థితిలో ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్నది. అలా 1969లో అనంతపురం వచ్చారు. వానలు తక్కువగా కురిసే జిల్లాలలో మనకన్నా వెనుక రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఒక్కటే ఉందని మన బడి పుస్తకాల్లో చదివాం కదా, ఆ జిల్లాకే వచ్చారు. అద్దెకు దిగిన ఇంట్లో గోడ మీద, అద్భుతం కోసం వేచి ఉండమని అర్థం వచ్చే మాట ఒకటి ఎవరో వ్రాసి ఉంచారట. ఆయన అది చూసి, వేచి కూర్చుంటే ఎట్లా అని పనిలోకి దిగినట్టు తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పారు.

అప్పటికి ఆయన వయసు 49. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో రిటైర్మెంటు 55కి. అంటే మన లెక్కలో ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. పింఛను కాగితాల గురించి వాకబు మొదలుపెట్టే వయసు. (1983లో 58 నుంచి మళ్ళీ 55కు తగ్గించినప్పుడు మనవాళ్ళు పడిన బాధ ఇప్పటికీ మరచిపోలేం.) ఆ వయసులో ఆయన భాష తెలియని ఊళ్ళో మొదటినుంచి మొదలుపెట్టారు.

ఆయనొక్కరే రాలేదు. ఆన్ పెర్రీ ఇంగ్లండులో 1947లో పుట్టిన అమ్మాయి. బొంబాయిలో కరెంట్ అనే వారపత్రికలో విలేకరి. 1968 గొడవల్లో ఫెర్రర్ గారిని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్ళి, ఆయన పక్షాన సాగిన ఉద్యమంలో కలిసి, ఉద్యోగం వదిలి అనంతపురం వచ్చేశారు. 1970లో ఫెర్రర్ గారు జెస్యూట్ సభను విడిచిపెట్టారు, ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఇరవైయేడేళ్ళ తేడా ఉన్న పెళ్ళి, పైగా పాదరీ పెళ్ళి. ఎవరెన్ని మాటలన్నారో మీరే ఊహించుకోండి. సభ వదిలేసినా జనం మాత్రం ఆయనను ఫాదర్ అనడం మానలేదు. కట్టుకున్న భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న మనిషిని ఊరూరా ఫాదర్ అని పిలవడం మన జిల్లాలోనే చెల్లింది. ఆమె పేరు కూడా మన నోట్లో అన్నే ఫెర్రర్ అయిపోయింది.

నా దృష్టిలో ఈ జంట చరిత్రకు కీలకం ఇక్కడే ఉంది. పాత పాదరీ దంపతులకు వెనుక ఒక మిషను ఉండేది. అది జీతం ఇచ్చేది, సెలవు ఇచ్చేది, ముసలితనంలో వెనక్కి పిలిచేది. ఈ ఇద్దరికీ పెళ్ళితో ఆ అండ పోయింది. మిగిలింది 1969లో పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే మన ఆర్డీటీ ఒక్కటే. మతప్రచారం చేయమని చెప్పే పైవాళ్ళు లేరు, వెళ్ళిపొమ్మని బదిలీ చేసే పైవాళ్ళూ లేరు. తర్వాతి కాలంలో స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు ఒక్కొక్క పిల్లవాడి పేరున నెలనెలా కొంత పంపడం మొదలుపెట్టాయి. 1996లో అక్కడ ఫెర్రర్ గారి పేరనే ఒక ఫౌండేషన్ ఏర్పడింది. 1998లో స్పెయిన్ దేశం ఇచ్చే ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ పురస్కారం ఆయనకు వచ్చింది. ఇక్కడ మాత్రం బావులు, చెక్‌డ్యాములు, దళితవాడల్లో సాయంత్రపు బడులు, ఇళ్ళు, వికలాంగ పిల్లల పాఠశాలలు ఒకటొకటిగా లేచాయి. మహిళా సంఘాల పని, ఆస్పత్రుల పని ప్రధానంగా అన్నే గారు చూసుకున్నారు. ఈసారి రికార్డుల్లో భార్య పేరు కూడా ఉంది.

ఇక నా సంగతి. 1973లో నేను మలేరియా శాఖలో సర్వైలెన్స్ వర్కరుగా చేరాను. ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నవారి వేలి నెత్తురు చుక్క గాజు పలక మీద తీసుకుని, వచ్చిన తేదీ గోడ మీద వేయాలి. తర్వాత మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంటునయ్యాను గానీ గోడ మీద తేదీ మాత్రం వదలలేదు. దళితవాడలకు వెళితే చిక్కు వచ్చేది. బోద గుడిసెకు గోడ ఎక్కడిది? వంగి దూరితే మట్టి దడి, దాని మీద సుద్ద నిలవదు. ఏదో ఒక రాయి మీద వేసి వచ్చేవాణ్ణి. ఎమర్జెన్సీ రోజుల్లో అయితే మమ్మల్ని చూస్తూనే మగవాళ్ళు సెనక్కాయ చేలల్లోకి పరుగెత్తేవాళ్ళు, ఆపరేషనుకు పట్టుకుపోతామని. మా మీద జనానికి ఉన్న నమ్మకం అది.

అలాంటి రోజుల్లోనే ఆర్డీటీ జీపులు తిరగడం చూశాను. నాకు కడుపుమంట అనే చెప్పాలి. మేము వెళితే పారిపోయేవాళ్ళు వాళ్ళ చుట్టూ మూగేవారు. ఇదంతా మతం మార్చడానికేనని నలుగురిలో అన్నాను. అనడమే కాదు, 1980ల చివర ముదిగుబ్బ చుట్టుపక్కల ఒక పల్లెలో ఇళ్ళు కడుతున్నప్పుడు, జాగ్రత్త, ఇల్లు ఇచ్చి తర్వాత శిలువ తగిలిస్తారని వాడలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. చూసి చెప్పింది కాదు, విని చెప్పింది కూడా కాదు. నాకు తోచింది చెప్పాను.

ఏడాది తర్వాత అదే వాడకు డ్యూటీ మీద వెళ్ళాను. వరుసగా సిమెంటు ఇళ్ళు. మొదటి ఇంటి గోడ మీద తేదీ వేయడానికి సుద్ద తీశాను. ఇంటావిడ గడపలో నిలబడి చూస్తోంది.

“ఏం సామీ, కొత్త గోడ మింద కూడా రాస్తావా?” అన్నది.

“రాయాలమ్మా, రూలు అది” అన్నాను.

“రాయి. ఇల్లు నా పేర్న రాసిచ్చినారు, నేనే చెప్తాండా రాయమని. లోపలికొచ్చి చూసిపో.”

వెళ్ళాను. గూట్లో కదిరి నరసింహస్వామి పటం, దాని ముందు ఆరిన దీపం. నేను పటం వైపు చూడటం ఆమె కనిపెట్టింది.

“నువ్వేగా సామీ, శిలవ పెట్టమంటారని చెప్పింది? ఏ పటం పెట్టుకోవల్లో ఇంతవరకు ఎవురూ చెప్పల్యా. నువ్వొక్కడివే చెప్పినావు.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె మజ్జిగ ఇచ్చింది, తాగాను. అంతకు ముందు ఆ వాడలో నేను ఏమీ తాగిన మనిషిని కాదు. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసుననే అనుకుంటున్నాను. ఇళ్ళ పట్టాలు భర్తల పేర కాక ఆడవాళ్ళ పేర ఇవ్వడం సంస్థ పద్ధతి అని అప్పుడే తెలిసింది. తాగుబోతు మొగుడు అమ్ముకోకుండా అది కాపు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వం చేయవలసిన పని ఒక సంస్థ చేస్తూ పోతే ప్రభుత్వం చేతులు ముడుచుకుంటుందని మా సూపర్‌వైజరు ఒకాయన వాదించేవాడు. ఆ వాదనలో బలం ఉంది. నేను ఇప్పటికీ దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ వాదన మొదట చేసేవాళ్ళం చేతులు ముడుచుకున్న మేమే కావడం నాకు ఇబ్బందిగా ఉండేది.

2000లో బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి వచ్చింది. కదిరి రోడ్డులో మనకు దగ్గరే. దానికి కొన్నేళ్ళ తర్వాత మా కోడలికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. మొదట తీసుకుపోయిన ఒక ప్రైవేటు చోట ముందు డబ్బు కట్టమన్నారు, కట్టేలోపు కుదరదన్నారు. నేను ఆరోగ్య శాఖ ఉద్యోగినని చెప్పుకున్నా ప్రయోజనం లేకపోయింది. అర్ధరాత్రి జీపులో బత్తలపల్లి చేరాం. నేనెవరో అక్కడ ఎవరూ అడగలేదు. మనవరాలు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ రాత్రి వసారాలో కూర్చున్నప్పుడు నా పక్కన ఉన్న వాళ్ళంతా ఏ వాడల వాళ్ళో నాకు తెలుసు. వాళ్ళ గోడల మీద తేదీలు వేసినవాణ్ణే కదా.

ఫాదర్ 2009 జూన్ 19న అనంతపురంలో పోయారు. నేను పదవీ విరమణ చేసిన సంవత్సరమూ అదే. బత్తలపల్లిలో సమాధి చేశారు. స్పెయిన్‌కు తీసుకుపోతారేమోనని కొందరు అనుకున్నారు గానీ, నలభై ఏళ్ళు ఉన్న నేల వదిలి ఎక్కడికి పోతారు? ఆ రోజు అన్ని మండలాల నుంచి జనం వచ్చారు. బస్సులు చాలక ట్రాక్టర్ల మీద వచ్చినవారున్నారు. నేనూ వెళ్ళాను. కొబ్బరికాయ కొట్టి దండం పెట్టినవాళ్ళున్నారు, శిలువ గుర్తు వేసుకున్నవాళ్ళున్నారు, తలమీద టోపీతో చేతులు చాపి దువా చేసినవాళ్ళున్నారు. భర్త తర్వాత సంస్థ బాధ్యత అన్నే గారు తీసుకున్నారు, కొడుకు మాంఛో తోడుగా నిలిచాడు. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది. మనమైతే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి ఇంట్లో కూర్చునే వయసు.

మొదట్లో చెబుతానన్న కారణం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను ఆ వాడలో అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా వ్రాయలేదు. ఆ ఇంటావిడ ఇప్పుడు లేదు. 1969 నుంచి 80 వరకు రెవెన్యూ, పంచాయతీ శాఖల్లో పనిచేసిన మిత్రులు మన సంఘంలో ఇంకా కొద్దిమందైనా ఉన్నారు. ఆ తొలి సంవత్సరాల బావుల సంగతి నేను దూరం నుంచి చూసిందే. దగ్గర నుంచి చూసినవారు, ఓపిక ఉంటే, వచ్చే సంచికకు రెండు పేజీలు వ్రాసి పంపగలరు.