77 డాలర్ల కథ

పోయిన నెల మా ఇంటికో ఉత్తరం వచ్చింది. స్కూల్ జోన్‌లో 40 దాటకూడని వేళ నేను 47లో వెళ్ళానట. జరిమానా, దాంతోపాటు రెండు డీమెరిట్ పాయింట్లు. డబ్బు సంగతి సరే, ఏడుస్తూ కట్టెయ్యొచ్చు. పాయింట్లతోనే చిక్కు. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో పూర్తి లైసెన్సు ఉన్నవాడికి మూడేళ్ళలో 13 పడితే సస్పెన్షనే. అది వద్దనుకుంటే పన్నెండు నెలలు బుద్ధిగా నడుపుతానని ఒప్పుకోవాలి. ఆ గడువులో రెండు పాయింట్లు పడ్డాయా, సస్పెన్షన్ రెట్టింపు. నా ఖాతాలో అప్పటికే తొమ్మిది ఉన్నాయి (ఎలా వచ్చాయని అడక్కండి).

ఫోన్లో గోడు వెళ్ళబోసుకుంటే మిత్రుడొకడు తేలిగ్గా తీసిపారేశాడు. "అన్నా, కెమెరా పట్టేది కారు నంబరేగా! నీ పాత రూమ్మేట్ హైదరాబాదు వెళ్ళిపోయాడు కదా, ఆ రోజు వాడే నడిపాడని డిక్లరేషన్ రాసిచ్చెయ్. వాడికి ఇక్కడి పాయింట్లతో పనేముంది?"

నిజం చెప్పొద్దూ, ఓ పూటంతా ఊగిసలాడాను. అప్పుడు గుర్తొచ్చాడు మార్కస్ ఐన్‌ఫెల్డ్.

ఈయన నాబోటి సామాన్యుడు కాదు. 1986 నుంచి 2001 దాకా ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు జడ్జి. దేశ మానవ హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షుడు. 2006 జనవరి 8న సిడ్నీలోని మోస్మన్‌లో ఆయన లెక్సస్ కారు 50 ఉన్నచోట 60లో వెళ్తూ కెమెరాకి చిక్కింది. జరిమానా 77 డాలర్లు, పైన పాయింట్లు.

ఆయన కోర్టుకెక్కారు. ఆ రోజు కారు అమెరికా నుంచి వచ్చిన స్నేహితురాలు, ప్రొఫెసర్ థెరెసా బ్రెన్నన్‌కి ఇచ్చానని ప్రమాణం చేసి చెప్పారు. జడ్జిగారి మాట! 2006 ఆగస్టులో మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ది డైలీ టెలిగ్రాఫ్ పత్రికవాళ్ళు ఆ ప్రొఫెసర్ ఎవరా అని ఆరా తీశారు. ఆవిడ 2003లోనే చనిపోయింది. అదీ ఎలా? ఫ్లోరిడాలో ఎవరో కారుతో గుద్దేసి ఆగకుండా పోతే, ఆ దెబ్బలకి.

అప్పుడైనా తప్పయిందని ఒప్పుకోవచ్చు. ఒప్పుకోలేదు. నేనన్నది ఆ బ్రెన్నన్ కాదు, అలాంటి పేరే ఉన్న ఇంకొకావిడ అన్నారు. తాను ఆ రోజు మా అమ్మ కరోలాలో తిరిగాను అన్నారు. పోలీసులు ఆ తల్లి ఉండే అపార్ట్‌మెంట్ కెమెరా రికార్డింగు తిరగేస్తే, కరోలా ఆ రోజు గడప దాటనే లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. 2008 అక్టోబరులో నేరం ఒప్పుకున్నారు. 2009 మార్చి 20న మూడేళ్ళ జైలు శిక్ష పడింది, అందులో కనీసం రెండేళ్ళు లోపల ఉండాల్సిందే. అప్పటికి ఆయన వయసు 70. న్యాయవాదుల పట్టిక నుంచి పేరు కూడా కొట్టేశారు.

ఈయనొక్కడే కాదు. బ్రిటన్‌లో క్రిస్ హ్యూన్ అనే రాజకీయ నాయకుడు 2003 నాటి తన స్పీడింగ్ పాయింట్లు భార్య నెత్తిన వేశాడు. తర్వాత మంత్రి అయ్యాడు, విడాకులు అయ్యాయి, గుట్టు బయటపడింది. 2013లో ఇద్దరికీ చెరో ఎనిమిది నెలలు.

77 డాలర్లు ఐన్‌ఫెల్డ్‌కి ఓ పూట భోజనం ఖర్చు. మరెందుకీ అబద్ధం? నాకు తోచినంతలో, టిక్కెట్టులో డబ్బుతో వదిలించుకోలేని ముక్క పాయింట్లే. జరిమానా ఒక్కటే ఉంటే, డబ్బున్నవాడికి అది కాస్త ఖరీదైన టోల్ లాంటిది. పాయింటు మాత్రం జడ్జికైనా టాక్సీ డ్రైవరుకైనా ఒకటే. ఇంకా చెప్పాలంటే టాక్సీ డ్రైవరుకే ఎక్కువ, లైసెన్సు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా అబద్ధమాడి జైలుకెళ్ళింది జడ్జిగారు.

ఇదంతా మిత్రుడికి చెప్పాను. "వాడు పెద్ద మనిషి కాబట్టి పేపరువాళ్ళు వెంటపడ్డారు, మనల్నెవడు చూస్తాడన్నా?" అన్నాడు. అదీ నిజమే. కానీ వాడి సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా నడుస్తోంది, అందులో గుణగణాలూ చూస్తారు. ఆ ముక్క అనేసరికి మాట మార్చేసి, వాళ్ళమ్మగారు పంపిన గోంగూర పచ్చడి గురించి ఎత్తుకున్నాడు.

ఆ రాత్రే బీపేలో జరిమానా కట్టేశాను. మర్నాడు పొద్దున్న అదే స్కూలు ముందు 38లో వెళ్తుంటే వెనకవాడు హారన్ మీద హారన్. కొట్టుకోనీ.